మా జిరాక్సులు - మా ఓట్లు

హాస్టల్లో చేరిన రోజు మనలో ఎవరు మరిచిపోతారు? ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు. ఏ కాగితం ఎందుకని మేము గానీ, మా నాయనలు గానీ అడగలేదు. అడిగితే సీటు పోతుందేమోనని భయం.

2019 మార్చిలో, ఎన్నికల ముందు, టీవీల్లో 'డేటా చోరీ' అని గొడవ జరిగినప్పుడు మేము బడిపిల్లలం. ఏమీ అర్థం కాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాము. అప్పటి అధికార పక్షం తెలుగుదేశానికి 'సేవామిత్ర' యాప్ తయారుచేసిన ఐటీ గ్రిడ్స్ అనే హైదరాబాద్ కంపెనీపై సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. ఓటర్ల వివరాలను, ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల వివరాలను ఆ యాప్ కోసం వాడారన్నది ఆరోపణ. ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ కూడా ఫిర్యాదు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలకు చెందిన సుమారు 7.8 కోట్ల మంది ఆధార్ వివరాలు కంపెనీ హార్డ్ డిస్కుల్లో దొరికాయని అందులో ఉంది. తమ సర్వర్లలోకి మాత్రం ఎవరూ చొరబడలేదని ఆ సంస్థ చెప్పింది. తెలుగుదేశం ఆరోపణలను ఖండించింది. ఫారం-7 దరఖాస్తులతో ఓట్లు తీయిస్తున్నారని ప్రతిపక్ష వైఎస్సార్ కాంగ్రెస్‌పై ఎదురు ఆరోపణ చేసింది.

2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. అంటే ఆ డిస్కుల్లో అప్పటికి ఓటే లేని మేము కూడా ఉండి ఉండవచ్చు.

తప్పెవరిదో తేల్చవలసింది చట్టం. మా బాధ వేరు. ఓటర్ల జాబితా అందరూ చూసేదే. కానీ ఆ పేరు పక్కన పింఛను, ఇల్లు, ఫోన్ నంబరు, ఏ పార్టీ మనిషో చేరితే అది జాబితా కాదు, జుట్టు చేతికి ఇచ్చినట్టే. మా రూములో ఒకడి అవ్వ పోలింగుకు ముందు వాడిని అడిగింది: "నాయనా, వాళ్ళ ఫోన్లో మనవన్నీ ఉండాయంట. ఎవరికేసినానో కూడా తెలుస్తాదా? పింఛను నిలిపేస్తారా?" ఓటు రహస్యమని వాడు ఎంత చెప్పినా ఆమె భయం తీరలేదు.

మన జిల్లాలో ఇంకో భయమూ ఉంది. చెనిక్కాయ పంట ఎండితే ఊళ్ళకు ఊళ్ళు బెంగుళూరుకు వలసపోతాయి. ఇంటికి తాళం చూసి పేరు కొట్టేస్తే అడిగే దిక్కెవరు? ఉరవకొండ నియోజకవర్గంలో నిబంధనలు పాటించకుండా ఓట్లు తొలగించారన్న ఫిర్యాదుపై 2023లో జిల్లా పరిషత్ సీఈవోలుగా పనిచేసిన ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. కంచే చేను మేస్తే అన్న సామెత ఊరికే పుట్టలేదు.

సొంత వివరాల గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. కోటీశ్వరుడి ఆదాయం ఎవరికీ తెలియదు. మన ఆదాయం మాత్రం ప్రతి ఆఫీసులో ఫైలులో ఉంటుంది. అన్నం కోసం, చదువు కోసం ఇచ్చిన కాగితం అందుకే వాడాలి.

తమ్ముళ్ళారా, మిత్రులారా! కాగితాలు ఇవ్వక తప్పదు, ఇద్దాం. కానీ ఎందుకని మర్యాదగా అడుగుదాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఓటర్ల జాబితాలో అమ్మానాయనల పేర్లు చూద్దాం. మన అవ్వలకు ఓటు రహస్యమని ఒక్కసారి కాదు, భయం తీరేదాకా చెబుదాం.