వచ్చే బోదె, పోయే బోదె

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

సంచికకి ఏదైనా వ్రాసివ్వమని సంపాదక మిత్రుడు వెంటపడితే, "నాకు వ్రాయడమూ రాదు, వ్రాసింది పంపడమూ రాదు" అన్నాను. "ఆ పంపడం రాని సంగతే వ్రాయరా" అన్నాడు. కాబట్టి చదువరులు తిట్టదలచుకుంటే అతణ్ణే తిట్టాలి.

2026 సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళగానే నాన్న నా చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను పెట్టాడు. ఖరీదు 12,400 రూపాయలు. మాది కృష్ణా డెల్టాలో ఓ పల్లె. మా ఇంట్లో ఏ లెక్కయినా బస్తాల్లోనే. ఆ ఖరీఫ్ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,369. అంటే 75 కిలోల బస్తాకి 1,777. నా జేబులో అక్షరాలా ఏడు బస్తాల ధాన్యం! అదీ 2025 అక్టోబరులో మొంథా తుఫాను ముంచగా మిగిలినదాంట్లోంచి.

ఫోను సరదాకి కొన్నది కాదు. వేసవిలో రెండు నెలలు ప్రయోగశాలలో పని నేర్చుకోవడానికి వేరే ఊళ్ళో ఉన్న ఒక ప్రొఫెసరుగారికి దరఖాస్తు పెట్టుకోవాలి. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా నుంచే పంపాలట. ముక్కనుమ నాటి సాయంత్రం 5 గంటలు ఆఖరు.

మా హాస్టలు గోడ మీద ఎవరో సీనియరు అంటించిన కాగితం ఒకటుంది. ఈమెయిల్ పెట్టుకోవడానికి ఏ గడిలో ఏం నింపాలో అందులో ఉంటుంది. మాకది వేదం. దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకొచ్చాను. అలాగే నింపాను. టింగుమంటూ ఉత్తరాలు దిగాయి, మెస్సు బిల్లు నోటీసుతో సహా. ఇంకేం, అంతా బాగుందనుకుని దరఖాస్తు వ్రాసి, మార్కుల మెమోల ఫొటోలు జతచేసి, పంపే బొత్తాం నొక్కాను.

"పంపావా?" అన్నాడు నాన్న.

"పంపేశాను నాన్నా."

భోగి నాడు చెప్పిన మాట అది. కనుమ నాడు చూస్తే దరఖాస్తు ఔట్‌బాక్సులోనే ఉంది, పెళ్ళికి పిలవని చుట్టంలా. నాన్నతో ఆ మాట చెప్పలేక డాబా ఎక్కాను.

తర్వాత చేసిన పిచ్చిపనులు చెబితే నవ్వుతారు. ఫోను ఆర్పి వెలిగించాను. విమానం గుర్తు నొక్కి తీశాను. చివరికి ఖాతానే తీసేసి మళ్ళీ పెట్టాను. ఖాతాతో పాటు ఔట్‌బాక్సులో ఉన్న దరఖాస్తూ పోయింది! అరిసెల పళ్ళెం పక్కన పెట్టుకుని మొత్తం మళ్ళీ వ్రాశాను. ఊళ్ళో నెట్ సెంటరు పండక్కి మూసేశారు. బ్రౌజరులో తెరుద్దామంటే కాలేజీ మెయిలు ఆవరణ దాటితే తెరుచుకోదు.

ముక్కనుమ పొద్దున గాని నేను సైన్సు విద్యార్థినన్న సంగతి గుర్తురాలేదు. లవణ విశ్లేషణలో ఒక్కో గ్రూపూ కొట్టేస్తూ పోతామే, అలా మొదలెట్టాను. ఫొటోలు బరువయ్యాయా? మూడూ కలిసి 14 ఎంబీ. మెయిల్లోకి ఎక్కేటప్పుడు అక్షరాలుగా మారి బరువు మూడోవంతు పెరుగుతుందట. అవి తీసేసి ఒక్క ముక్క వ్రాసి నాకు నేనే పంపుకున్నాను. అదీ కదల్లేదు. సంకేతపదం తప్పా? తప్పయితే సర్వరు జవాబిచ్చి మరీ తిడుతుంది. ఇక్కడ జవాబే లేదు. "సంబంధం కుదరలేదు" అని ఫోను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది. చదవకుండా తోసేసింది నేనే.

మధ్యాహ్నం నాన్న డాబా మీదికి వచ్చాడు. నా మొహం చూస్తే ఆయనకి అర్థమైపోయింది.

"పోలేదా?"

"వచ్చేవన్నీ వస్తున్నాయి నాన్నా, పోవడమే లేదు."

"వచ్చే బోదె బాగుంటే పోయే బోదె బాగున్నట్టేనట్రా? మొన్న తుఫానుకి చేలో నీళ్ళు ఎందుకు నిలబడ్డాయి? పంటబోదె శుభ్రంగానే ఉంది. మురుగుబోదెలో గుర్రపుడెక్క."

ఆయన ఫోను గురించి అన్నాడో, పొలం గురించి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నోటుబుక్కు తీశాను. వచ్చేవాటికి 993వ పోర్టు. పోయేవాటికి 25, గుర్తింపు అక్కర్లేదు. రెండూ వేరువేరు దారులు! రెండో దారి గురించి అప్పటికప్పుడు వెతికి చదివాను. పోయే ఉత్తరాల పద్ధతికి 1982లో జాన్ పోస్టెల్ నియమాలు వ్రాసిన నాటికి 25వ తలుపు ఎవరొచ్చినా తీసేదే. చెత్త ఉత్తరాలవాళ్ళు ఆ దారిన పడ్డాక చాలా నెట్‌వర్కులు మామూలు వాడుకదార్లకి దాన్ని మూసేశాయి. ఇప్పుడది ముఖ్యంగా సర్వరుకీ సర్వరుకీ మధ్య దారి. మనబోటివాళ్ళ కోసం 1998లోనే 587 నిర్ణయించారు. అక్కడ పేరూ సంకేతపదమూ చెప్పాలి. మరి హాస్టల్లో 25 ఎలా పనిచేసిందంటారా? ఆవరణలోని వైఫై మీద సర్వరు మనల్ని ఇంట్లోవాళ్ళ కింద లెక్కేసి ఏమీ అడగదు. ఊళ్ళో సిమ్ డేటాకి ఆ చుట్టరికం లేదు.

25 కొట్టేసి 587 పెట్టాను. స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకుని, పూర్తి చిరునామా, సంకేతపదం నింపాను. ఫొటోలు చిన్నవి చేసి నొక్కాను. సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకి ఔట్‌బాక్సు ఖాళీ అయింది. ఈసారి పంపినవాటిలో ఉందో లేదో చూసి, ప్రొఫెసరుగారి కార్యాలయం నుంచి అందినట్టు మెయిలు వచ్చాకే డాబా దిగాను. భోగి నాటి అబద్ధం సంగతి నాన్న ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

హాస్టలు గోడ మీది కాగితంలో 25ని కొట్టేసి 587 వ్రాశాను. ఆ సీనియరెవరో క్షమించాలి. ఎంపికైనవారి జాబితా ఇది వ్రాసేనాటికి రాలేదు. నాన్న మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేసి, మినపచేను సంగతులన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడుగుతున్నాడు: "జవాబొచ్చిందా?"