ఇటుకల నడుమ ఒడియా బడి

పెద్దపల్లి దగ్గర రాజీవ్ రహదారి దిగి మట్టిబాట పట్టామో లేదో, కారు అద్దాల నిండా ఎర్రటి దుమ్ము. ఎటు చూసినా ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరసలు. వాటి వెనక పొగ చిమ్ముతున్న బట్టీలు. ఇంకా వెనక్కి వెళ్తే... నిలబడితే తల తగిలే గుడిసెలు. ఇటుకల్నే పేర్చి, పైన రేకో టార్పాలినో కప్పుకున్నారు. ఉదయం తొమ్మిదైనా కాలేదు, ఇక్కడ అప్పటికే సగం రోజు పని అయిపోయింది. తెల్లవారుజామున మూడింటికే అచ్చు పట్టుకుంటారు మరి!

మేం చూడాలని వచ్చిన బడికి బోర్డు లేదు. పిల్లల గొంతులు వినిపించిన దిక్కుకు నడిస్తే ఓ రేకుల షెడ్డు కనిపించింది. లోపల పట్టాల మీద పాతిక ముప్పై మంది పిల్లలు. కొందరి ఒళ్లో చంటి తమ్ముడో చెల్లెలో. బోర్డు మీద రాసింది దూరం నుంచి తెలుగే అనుకున్నాం. మన అక్షరాలకు తలకట్టున్నట్టే ఒడియా అక్షరాలకు నెత్తిన గొడుగుంటుంది. దగ్గరకెళ్లి చదవబోతే ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఊళ్లోని తెలుగు బడిలో కూర్చోబెడితే ఈ పిల్లల పరిస్థితీ అంతే కదా!

వీళ్లంతా పశ్చిమ ఒడిశా వాళ్లు. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తారు. అక్కడ కొత్త బియ్యం పండగ నువాఖాయి అయ్యాక సర్దార్ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. కాంతాబంజి స్టేషన్‌లో రైలెక్కిస్తాడు. మళ్లీ ఇల్లు చేరేది వానలకు ముందే. అంటే బడి ఏడాదిలో సగానికి పైగా బట్టీల దగ్గరే గడిచిపోతుంది. అడ్వాన్సు ఇచ్చేది మనిషికి కాదు, ‘పథురియా’కు. మొగుడూ పెళ్లాం, ఓ బిడ్డ... ముగ్గురూ కలిస్తేనే ఓ పథురియా. పిల్లలు తేలిగ్గా ఉంటారు కాబట్టి కాలు పెట్టినా పచ్చి ఇటుక విరగదు. అందుకే ఎండలో ఇటుకలు తిప్పే పని వాళ్లది. కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని. ఏ ఇంట్లోనూ ఒక్క చెయ్యి కూడా ఖాళీగా ఉండదు.

పని దగ్గరే పిల్లల్ని చూసుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి కట్టడాల పని జరుగుతున్నప్పుడు, దుమ్ములో పడున్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఓ గుడారం వేయించారు. ‘మొబైల్ క్రెషెస్’ సంస్థ అలా పుట్టింది. మన దగ్గర 2017లో అప్పటి రాచకొండ పోలీసులు భువనగిరి వైపు బట్టీల్లో పనిచేస్తున్న పిల్లల్ని విడిపించాక, అక్కడే ఒడియా పుస్తకాలతో, ఒడియా టీచర్లతో బడులు నడిపించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేకపోయినా ఏ బడీ పిల్లల్ని కాదనకూడదు. కానీ చట్టం తలుపు తీస్తే సరిపోదుగా, లోపల మాట అర్థం కావాలి.

షెడ్డు బయట ఏఎన్ఎం టీకాల పెట్టె తెరిచింది. 2014 చివర్లో మొదలైన ‘మిషన్ ఇంద్రధనుష్’ నుంచి ఇటుక బట్టీలూ టీకాల లెక్కలోకి వచ్చాయి. ‘కార్డేదమ్మా?’ అని అడిగితే ఓ తల్లి తూర్పు దిక్కు చూపించింది. ఊళ్లో, పెట్టెలో ఉందట! బిడ్డ ఎడమ భుజం మీద మచ్చ చూసి బీసీజీ అయిందని గుర్తుపట్టింది ఏఎన్ఎం. మిగతా టీకాలు మచ్చ మిగల్చవు. తల్లిని అడిగి, వేళ్లు మడిచి వారాలు లెక్కేసి, చివరికి కొత్త కార్డు రాసింది. ‘దీన్ని మాత్రం పోగొట్టకు, వెళ్లేటప్పుడు కొంగున కట్టుకుపో’ అని పదేపదే చెప్పింది. ఆ తల్లికి ఎంత అర్థమైందో!

పదేళ్ల పిల్ల ఒకతి ఆలస్యంగా వచ్చింది, మోకాళ్ల దాకా మట్టితో. ఎనిమిదింటి దాకా ఇటుకలు తిప్పి, మొహం కడుక్కుని బడికొస్తుందట. దాని నోట్‌బుక్ వెనక పేజీలో వరసగా అంకెలు! లెక్కలనుకున్నాం. నాన్న రోజూ కోసే ఇటుకలట. సాయంత్రం తండ్రి కలిశాడు. టీచర్ తెలుగులో చెప్పారు: ‘బడికి పంపితే ఇటుకలు తగ్గుతాయి సార్. తగ్గినా పంపుతున్నా. నాకు లెక్క రాదు, ఇన్నాళ్లూ గుమస్తా చెప్పిందే లెక్క.’ ఆ నోట్‌బుక్ సంగతి గుమస్తాకు తెలుసో లేదో మేం అడగలేదు.

టీచర్‌దీ బలంగీరే. సీజన్ చివర్లో ఎవరు ఏ తరగతి పాఠాలు చదివారో రాసి ఒక్కో పిల్లకూ ఓ కాగితం ఇస్తారు. ఊళ్లో బడి హెడ్మాస్టర్‌కు అది చూపిస్తే పై తరగతిలో కూర్చోబెడతారని ఆశ. కిందటేడు వానలు ముందే పట్టుకున్నాయి. లెక్క తేలిన కుటుంబాలు రాత్రికి రాత్రే రైలెక్కేశాయి. ‘వీళ్లు ఈ ఏడు ఏ బట్టీకి పోయారో...’ అంటూ ఆయన రేకు పెట్టె తెరిచారు. అడుగున పదకొండు కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి.