బాయి ఈత, గోదావరి ఈత



2024 ఆగస్టుల పారిస్ ఒలింపిక్స్ నడుస్తున్నప్పుడు కరీంనగర్‌ల నా గదికి నలుగురైదుగురు హాస్టల్ పిల్లలు వచ్చి కూసునేది. ఆగస్టు 2న పురుషుల 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్ చూసినం. ఆస్ట్రేలియా ఈతగాడు కామెరాన్ మెక్‌ఎవాయ్ 21.25 సెకన్లల గెలిచిండు. ఒక పిల్లగాడు చాయ గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి అయిపోయింది. ఆగస్టు 4న 1500 మీటర్లు. ఈ గోడ నుంచి ఆ గోడకు 30 మార్లు. అమెరికా ఈతగాడు బాబీ ఫింక్ 14 నిమిషాల 30.67 సెకన్లల ముగించి, 2012 లండన్‌ల చైనా ఈతగాడు సున్ యాంగ్ పెట్టిన ప్రపంచ రికార్డును చెరిపేసిండు.

"అన్నా, మొన్నటిదే మంచిగుండె. ఇది ఎంతకూ ఒడుస్తలేదు" అన్నడు ఆ పిల్లగాడు. అందరూ నవ్విన్రు. నేను నవ్వలేకపోయిన. నాకు మా చిన్నమ్మ కొడుకు యాదికొచ్చిండు. వాని పాణం పోయింది ఈ రెండు ఈతల నడుమ తేడాకే.

ముందు ఆ తేడా చెప్తా. 50 మీటర్లు ఈదేటోళ్లు ఊపిరి దాదాపుగా తీసుకోరు. కొందరు ఒక్కసారి తీసుకుంటరు, కొందరు అసలే తీసుకోరు. కండల దాచుకున్న శక్తిని ఒక్క ఊపుల కాల్చేస్తరు. కాళ్లు మర లెక్క ఆడుతయి. 1500 మీటర్ల ఈత అట్ల కాదు. అక్కడ ప్రతి చేతి విసురుకు ఒక లెక్క, ప్రతి ఊపిరికి ఒక లెక్క. కాళ్ల కండలు పెద్దయి, ప్రాణవాయువును ఎక్కువ తింటయి. అందుకే దూరం ఈదేటోళ్లల చాలామంది రెండు చేతుల విసురుకు రెండుసార్లే కాలు కొడుతరు, ఉరికేటోళ్లు ఆరుసార్లు కొడుతరు. నీళ్లల్ల ఊపిరి వదలాలె, తల పక్కకు తిప్పి తీసుకోవాలె. ఇది బలంతోని వచ్చేది కాదు. దినాం గంటల తరబడి, ఏండ్ల తరబడి నీళ్లల్ల ఉంటే వచ్చేది.

ఇప్పుడు మా ఊరి ముచ్చట. పటేల్ బాయిల పూడిక తీసింది మా నాయిన. ఆ బాయిల నేను ఒక్కసారి దుంకినందుకు మా నాయిన పది మందిల చేతులు కట్టుకొని నిలబడ్డడు. బురద ఎత్తేటప్పుడు అంటని మైల, పిల్లగాడు దుంకితే అంటింది. అందుకే మేము వాడ పక్కన పాడుపడ్డ బాయిల నేర్చుకున్నం. నడుముకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టుకొని దుంకుడు, పది పన్నెండు చేతులు ఏసి మెట్టు పట్టుకొనుడు. ఆ బాయి వెడల్పు అంతే. మేము అందరం ఉరికేటోళ్లమే. దూరం అనేది ఆ బాయిల లేనే లేదు.

తొమ్మిదో తరగతిల జిల్లా పోటీలకు పోయిన. 25 మీటర్ల కొలను, 50 మీటర్ల పోటీ. అవతలి గోడ దాకా నేనే ముందు. గోడ రాంగనే అలవాటు కొద్దీ మెట్టు పట్టుకున్నట్టు పట్టుకొని తల పైకి ఎత్తిన. పక్కోళ్లు నీళ్లల్లనే పల్టీ కొట్టి, గోడను తన్ని వెనక్కి పోయిన్రు. అది నేను అప్పుడే మొదటిసారి చూసిన. ఐదోటోన్ని అయిన.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌ల ఎరిక్ ముసాంబానిని చూసి లోకమంతా నవ్వింది గదా. ఈక్వటోరియల్ గినీ దేశపోడు. ఒక హోటల్ చిన్న కొలనుల సాధన చేసిండు. 50 మీటర్ల కొలను సిడ్నీకి పోయినంకనే చూసిండు. తోటి ఇద్దరు ముందే దుంకి పోటీ నుంచి పోతే, 100 మీటర్లు ఒక్కడే ఈదిండు. 1 నిమిషం 52.72 సెకన్లు. చివరి మీటర్లల మునుగుతడేమో అనిపించింది. కొలనులు లేని దేశాల ఈతగాళ్లకు అర్హత టైము లేకున్నా ఒకటి రెండు సీట్లు ఇస్తరు. వాళ్లల ఎక్కువ మంది 50, 100 మీటర్లలనే దిగుతరు. నీళ్లు దొరకనోనికి దూరం ఎట్ల వస్తది? జెండా పట్టుకొని నడిచే సీటు ఇస్తరు, దినాం ఈదే లేన్ ఇయ్యరు.

లేన్ దొరికితే ఏమైతదో కూడా చూడున్రి. 1987ల అమెరికాల ఆల్ కాంపానిస్ అనే బేస్‌బాల్ అధికారి, నల్లవాళ్లకు నీళ్ల మీద తేలే గుణమే లేదని టీవీల చెప్పిండు. ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు, 1988 సియోల్‌ల సురినామ్ దేశపు ఆంథొనీ నెస్టీ 100 మీటర్ల బటర్‌ఫ్లై గెలిచిండు. నెస్టీ 53.00, అమెరికా ఈతగాడు మాట్ బియోండి 53.01. ఒలింపిక్ ఈతల విడి పోటీల బంగారం తెచ్చిన మొదటి నల్ల మనిషి ఆయన. దూరం ఈతలు ఈదే బాబీ ఫింక్‌కు, కేటీ లెడెకీకి ఫ్లోరిడాల కోచ్ ఎవరు? ఆ నెస్టీయే. పారిస్‌ల అమెరికా పురుషుల జట్టుకు హెడ్ కోచ్ కూడా ఆయనే. తేలలేరన్న జాతి మనిషి ప్రపంచానికి దూరం ఈదుడు నేర్పుతున్నడు.

నాకు దూరం నేర్పింది మా మేనమామ. అమ్మ పుట్టిల్లు పాత ఆదిలాబాద్ జిల్లా, చెన్నూరు దిక్కు. ఎండకాలం సెలవులల్ల గోదావరికి తీసుకపోయేటోడు. నేను బాయిల లెక్క ధనధన చేతులేస్తే నవ్వేటోడు. "అల్లుడా, నీళ్లతోని కొట్లాడకు. అవి మోస్తయి. అలిసిపోతే ఎల్లెలకల పండుకో, ఊపిరి తిరిగినంక మళ్ల పో" అనేటోడు. ఆయన బడి ముఖం చూడలేదు. లెడెకీకి కోచ్ చెప్పే మాట దాదాపు గదే.

మా చిన్నమ్మ కొడుకు ఎన్నడూ గోదావరికి రాలే. వాడు మా బాయిల అందరికన్నా జోరు. ఇంటర్ పరీక్షలు అయినంక దోస్తులతోని కరీంనగర్ బయట ఒక గ్రానైట్ క్వారీ గుంతకు పోయిండు. రాళ్లు తీసుకపోయి వదిలేసిన గుంత. కంచె లేదు, బోర్డు లేదు, మెట్లు లేవు. చుట్టూ గోడ లెక్క నిలువు రాయి. అవతలి రాయిని ముట్టి వస్తనని పందెం కట్టిండు. బాయిల ఈదినట్టే ఈదిండు, తల పైకెత్తి, ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి. సగం దాకా మంచిగనే పోయిండు. అక్కడ వానికి మెట్టు దొరకలే. ఎల్లెలకల పండుకోవచ్చని వానికి ఎవ్వరూ చెప్పలే. ఒడ్డున దోస్తులు కూడా బాయి ఈతగాళ్లే. మాపటికి వలలతోని తీసిన్రు. చిన్నమ్మ ఇప్పటికీ "నా కొడుక్కు ఈత వచ్చు బిడ్డా, ఎట్ల మునిగిండు?" అని అడుగుతది. వానికి వచ్చింది సగం ఈత చిన్నమ్మా అని నేను ఎన్నడూ చెప్పలేదు.

మా వాడల ఆడపిల్లలకు ఆ సగం కూడా లేదు. పైవాళ్ల లోకంల కూడా గంతే. పురుషుల 1500 మీటర్లు ఒలింపిక్స్‌ల 1908 నుంచి ఉంది. మహిళలకు అది 2021ల జరిగిన టోక్యో ఒలింపిక్స్‌ల వచ్చింది. 113 ఏండ్లు. మొదటి బంగారం కేటీ లెడెకీకే. మా అమ్మ రెండు బిందెలు ఎత్తుకొని దినాం ఎంత దూరం నడిచిందో ఎవ్వరూ టైము పెట్టలేదు.

మిత్రులారా, 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చవదార్ చెరువుల దోసిలి ముంచింది దూప తీర్చుకునేటందుకు కాదు. నీళ్ల మీద హక్కు మనిషి హక్కు అని చెప్పేటందుకు. ఆ హక్కు దోసిలి దగ్గర ఆగొద్దు. చెరువుల దిగే హక్కు, ఈదే హక్కు, మునగకుండ ఇంటికి తిరిగి వచ్చే హక్కు కూడా అందులనే ఉన్నది.

2014 మే 25న మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కిన్రు. శిఖరం మీది ఫొటోనే మనకు యాదున్నది. దాని ఎనుక భువనగిరి గుట్ట మీద మొదలైన నెలల సాధన ఉన్నది. మనకు ఫొటోలు చాలా ఇచ్చిన్రు. నెలలు అడగాలె.

కాబట్టి ఈ ఎండకాలం రాకముందే మూడు అడుగుదాం. ప్రతి సంక్షేమ హాస్టల్ పిల్లకు, పిల్లగానికి పది నిమిషాలు నీళ్ల మీద తేలుడు నేర్పాలె. వదిలేసిన ప్రతి క్వారీ గుంతకు కంచె కట్టించాలె. జిల్లా కొలనుల మన పిల్లలకు ఫీజు లేకుండ ఒక లేన్, ఒక కోచ్, ఏడాది పొడుగునా ఇయ్యాలె. వినతిపత్రం నేను రాస్తున్న. మీ ఊరి చుట్టుముట్టు ఉన్న గుంతల పేర్లు రాసి పంపున్రి, కలుపుతా.

ఆ రాత్రి నవ్విన పిల్లగానికి చిన్నమ్మ కొడుకు ముచ్చట మొత్తం చెప్పిన. చాలాసేపు మాట్లాడలే. తర్వాత "అన్నా, ఎల్లెలకల పండుకునుడు నాకు కూడా రాదు" అన్నడు. వచ్చే ఆదివారం వాన్ని తీసుకొని మామ దగ్గరికి పోతున్న.

జై భీమ్.