మూత దాకా

మన దగ్గర మందుకి క్వార్టరు, హాఫు, ఫుల్లు అని కొలతలున్నాయి గానీ, మిగిలిపోయినదానికి పేరు లేదు. విస్కీ మిగిలితే బాధ లేదు. మూత బిగించి బీరువాలో పడేస్తే నెలల తర్వాత కూడా దాదాపు అలాగే ఉంటుంది. వైన్ అలా కాదు. బిరడా తీసిన దగ్గర్నుంచీ మారిపోవడం మొదలుపెడుతుంది. ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న మన షాపుల్లో వైన్ అడిగేవాళ్ళే అరుదు కాబట్టి, ఈ సంగతి ఎవరికీ పెద్దగా పట్టినట్టు లేదు.

నాకు పట్టింది ఇంట్లో ఒక్కణ్ణే మిగిలాక. నా భార్య చదువు కోసం వేరే దేశం వెళ్ళి రెండేళ్ళవుతోంది. 750 మిల్లీలీటర్ల సీసా అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు. ఇద్దరికైతే ఒక సాయంత్రానికి సరిపోతుంది. ఒక్కడికైతే? “పాడైపోతుంది కదా!” అనేది చాలా మర్యాదైన మాట. కంచంలో మెతుకు వదలకూడదని పెంచిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం. మూడో గ్లాసు నుంచి ఐదో గ్లాసుకి తాగాలన్న కోరికతో పని లేకుండా, ఒట్టి పొదుపుతోనే వెళ్ళిపోగలం. మా చుట్టాల్లో తాగుడు పెరగడం దగ్గర్నుంచి చూశాను. ప్రతిసారీ దానికో మంచి కారణమే ఉండేది. అందుకని వైన్ నిలవ చెయ్యడమంటే నాకు రుచి గొడవ కన్నా ముందు, రెండు గ్లాసుల దగ్గర ఆగే గొడవ.

శత్రువు గాలి. అందులోని ఆక్సిజన్ తగిలి వైన్లోని ఆల్కహాల్ కొంత కొంతగా ఎసిటాల్డిహైడ్ అవుతుంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసనొస్తే అదేనన్నమాట. పళ్ళ వాసనలు ముందు పోతాయి, రంగు గోధుమ వైపు తిరుగుతుంది. ఆ గాలితోనే బతికే బాక్టీరియా చేరితే ఇక వెనిగరే. పాశ్చర్ 1866లో వైన్ మీద వేసిన పుస్తకం కోసం చేసిన ప్రయోగాల్లో ఒకటి నాకు భలే ఇష్టం. గాజు గొట్టాల్లో వైన్ పోసి మూసేశాడు. కొన్ని నిండుగా, కొన్ని గాలికి చోటుంచి. నిండుగా ఉన్నవి అలాగే ఉన్నాయి, వెలితిగా ఉన్నవి మారిపోయాయి. ఆవకాయ జాడీలో పైకి తేలేలా నూనె పోసే మన ఇళ్ళలో ఎవరికైనా ఇది చెప్పకుండానే తెలుసు.

దీనికి పరికరాలు బోలెడు. చేత్తో కొట్టే వాక్యూమ్ పంపు గాలిని కొంతే లాగుతుంది, ఆ రబ్బరు మూత తెల్లారేసరికి కొంత వదిలేస్తుంది. నాకు దాని మీద గురి లేదు. కొరావిన్ తెలివైనది: బిరడా తియ్యకుండానే సన్నటి సూది దింపి, లోపలికి ఆర్గాన్ పంపి, వైన్ బయటికి తీస్తుంది. 2013లో దాన్ని మార్కెట్లోకి తెచ్చిన గ్రెగ్ లాంబ్రెక్ట్ వైద్య పరికరాలు తయారుచేసే మనిషి. భార్య కడుపుతో ఉండి తాగడం మానేస్తే, సీసా మొత్తం తెరవకుండా ఒక్క గ్లాసు తీసుకోవడమెలా అని మొదలుపెట్టాడట. ఆ కథ చదివి ఆయన మీద అభిమానం కలిగింది. ధర చూశాక అభిమానంతోనే సరిపెట్టుకున్నాను.

నా పరికరం ఖాళీ విస్కీ హాఫు. గాజుది. మన హాఫు సరిగ్గా 375, అంటే వైన్ సీసాలో సగం. దాన్ని వాసన పోయేదాకా వేడినీళ్ళతో కడిగి ఆరబెడతాను. వైన్ సీసా తెరవగానే, గ్లాసులో చుక్క పొయ్యకముందే, హాఫు నింపేస్తాను. మెడ దాకా కాదు, మూత దాకా. కొంచెం పొర్లినా సరే, లోపల గాలికి చోటుండకూడదు. తర్వాత బిగించి ఫ్రిజ్‌లో. రెడ్డయినా సరే, చల్లదనానికి మార్పు నెమ్మదిస్తుంది. తాగే ముందు అరగంట బయట పెడితే చాలు. అన్నం తినేటప్పుడు రెండు గ్లాసులు తాగి, మిగిలినదాన్ని దాద్దామనుకుంటే అప్పటికే వైన్‌కి గాలి తగిలేసి ఉంటుంది, పైగా రెండు గ్లాసుల తర్వాత దాచేది ఎవరు? ఎంత తాగాలో నిర్ణయించాల్సింది ఇంకా ఏమీ తాగనివాడు.

ఇలా దాచింది నాలుగైదు రోజులు ఇబ్బంది లేకుండా ఉంటుంది. నాసిక్ షిరాజ్ ఒకటి మొదటి రోజు కన్నా మూడో రోజే నాకు నచ్చింది, కారం తగ్గి. సావిన్యోన్ బ్లాంక్‌కి అంత ఓపిక లేదు, రెండో రోజే తాగెయ్యడం మేలు. ఒకసారి మా అమ్మ వచ్చి, పెరుగు గిన్నె పక్కన హాఫు చూసి గుమ్మందాకా వెళ్ళి నిలబడింది. “వైనేనమ్మా” అన్నాను. “అది ఇందులో ఎందుకుందిరా?” అంది. కారణం చెప్పడానికి పావుగంట పట్టింది. అప్పట్నుంచీ లేబుళ్ళు గీకేస్తున్నాను.

ఒక్క బుడగల వైన్‌కి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఒంపితే గ్యాసు పోతుంది. సీసా మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే నిలుస్తుందనేది ఒట్టి కథ. గట్టిగా పట్టే ప్రత్యేకమైన మూత పెడితే మర్నాటికి పర్వాలేదు. అందుకే దాన్ని ఒక్కణ్ణే ఉన్నప్పుడు తెరవను. ఫ్రిజ్ అడుగు అరలో ఒకటి ఉంది. తను డిసెంబరులో వస్తోంది.