నాన్నగారి చాకు

మా నాన్నగారి మడతచాకు పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, నేనే పోగొట్టాను. ఢిల్లీ ప్రయాణమవుతూ పుస్తకాల కట్టకు తాడు కోసి, ఆ చాకును పరధ్యానంగా చేతిసంచీలో పడేశాను. విమానాశ్రయం తనిఖీలో అది కాస్తా బయటపడింది. లోపలికి తీసుకుపోవడానికి వీల్లేదన్నారు. విమానానికి వేళయింది. వదిలేసి వెళ్ళాను.

తిరిగి వచ్చిన రోజునే "ఏరా, నా చాకేదిరా?" అన్నారు నాన్నగారు.

"ఎక్కడో ఉంటుంది లెండి" అన్నాను. నలభై దాటినవాణ్ణి, పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి, ఎనభై యేళ్ళ తండ్రితో అబద్ధమాడాను. ఆయన కత్తిపీట ముందు కూర్చోలేరు. మామిడికాయ ముక్కలు తినడమే మానేశారు.

అటువంటిదే మరొకటి కొని గూట్లో పెట్టేద్దామని బయలుదేరాను.

ఆయన చాకు షెఫీల్డు సరుకని ఆయన నమ్మకం. ముద్ర ఎప్పుడో అరిగిపోయింది కనుక కాదనేవాళ్ళు లేరు. ఈ ముద్రల కథా చిత్రమైనదే. జర్మనీలోని జోలింగెను కత్తులు షెఫీల్డు పేరుతో అమ్ముడవుతున్నాయని ఇంగ్లీషువాళ్ళు గగ్గోలు పెట్టారు. పరాయి సరుకు తమ సరుకుగా చెలామణీ కాకుండా 1887లో చట్టం చేశారు. తీరా చూస్తే, తలవంపుగా వేయించిన 'మేడిన్ జర్మనీ' ముద్రే పోనుపోను బిరుదై కూర్చుంది! ఇప్పుడు జోలింగెను పేరును ఇతరులు వాడకుండా జర్మనీలోనే చట్టముంది.

దుకాణదారు మూడు చాకులు ముందు పెట్టాడు. నూటయాభై రూపాయల చాకు అలుగు కీలు దగ్గర గడగడ ఊగుతోంది. చేతులు వణికే మనిషికి అది పనికిరాదు. రెండోది స్విట్జర్లాండు విక్టోరినాక్సు. స్థాపకుడి తల్లి పేరు విక్టోరియా. 'ఐనాక్సు' అంటే తుప్పుపట్టని ఉక్కు. ఈ సమాసం నాకు నచ్చింది గాని, ఆ మెరుపు చూస్తే గుండె జారింది. నాన్నగారి చాకు నల్లనిది మరి.

"నల్లబడేది కావాలా మాస్టారూ?" అని అతను నవ్వి మూడోది తెరిచాడు. ఫ్రాన్సులో సవాయి కొండసీమలో 1890లో మొదలైన ఓపినెల్. బీచి కర్ర పిడి, కార్బన్ ఉక్కు అలుగు. ఉక్కు తుప్పు పట్టకుండా ఉండాలంటే నూటికి పదిపాళ్ళు దాటి క్రోమియం కలవాలట. ఇందులో అంత లేదు. తడి తుడవకపోతే తుప్పే. అయితే సానరాయి మీద నాలుగుసార్లు తిప్పితే పదునెక్కుతుంది. పులుపు తగిలితే నల్లబడుతుంది. మెడ దగ్గర ఉంగరం తిప్పితే అలుగు వేళ్ళమీదికి మడవదు. రెండువేల చిల్లర. బేరమాడకుండా కొన్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నాలుగు పచ్చి మామిడికాయలు కోశాను. అలుగు తెల్లారేసరికి మబ్బురంగుకు తిరిగింది. మా ఆవిడ ముక్కలగిన్నె చూసి "ఏమండీ, పచ్చడి ఎవరికి?" అంది. సమాధానం చెప్పలేదు.

"దొరికింది నాన్నగారూ" అంటూ చాకు అందించాను. ఆయన కళ్ళెత్తి చూడనైనా లేదు. బొటనవేలితో పిడి తడిమారు, ఉంగరం అటూ ఇటూ తిప్పారు.

"నల్లగా ఉంటే నాదవుతుందిరా?"

జరిగిందంతా చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు.

"అది మా నాన్న ఇచ్చింది" అన్నారు చివరికి. నాకా సంగతి తెలియదు.

ఉంగరం మరోసారి తిప్పి, "కాయ ఏదీ? ఉప్పూ కారం కూడా పట్రా" అన్నారు.