మోరె మైదానంలో మిల్లీగాళ్లు

మనాలి నుంచి లేహ్ వెళ్లేవాళ్లు కనుమల దగ్గర ఫొటోల కోసం ఆగుతారు. మేం కొద్ది కిలోమీటర్లకోసారి గురుత్వాకర్షణ కొలవడానికి ఆగాం. గ్రావిమీటర్ లోపల స్ప్రింగుకు వేలాడే చిన్న బరువు ఉంటుంది. భూమి గట్టిగా లాగితే స్ప్రింగు సాగుతుంది, తక్కువగా లాగితే ముడుచుకుంటుంది. ఆ తేడాను మిల్లీగాళ్లలో చదువుతాం. భూమి మనల్ని లాగే బలంలో ఇంచుమించు పది లక్షల్లో ఒక వంతు ఒక మిల్లీగాల్.

బారాలాచా లా కనుమ దగ్గర గాలి విపరీతం. గ్రావిమీటర్ నిలిపే పళ్లేన్ని నేలమీద పెట్టి, మరలు తిప్పుతూ నీటిబుడగను నడిమికి తెచ్చేసరికి ఏదో ఒక లారీ వచ్చేది. నేల అదిరి రీడింగ్ చెడేది.

"తొందరేం లేదు నాన్నా, లారీ పోనీ, నేల కుదురుకోనీ," అనేవారు మా సీనియర్.

పక్కన ఇంకొకరు జీపీఎస్‌తో ఎత్తు తీసేవారు. ఒక్క మీటరు పైకెక్కితే గురుత్వం 0.3 మిల్లీగాల్ తగ్గుతుంది. ఎత్తు తప్పితే కష్టమంతా వృథా. పొద్దున మొదలుపెట్టిన చోటికే సాయంత్రం వచ్చి మళ్లీ కొలిచేవాళ్లం. రోజంతా స్ప్రింగు తెచ్చిన తేడాను లెక్కలోంచి తీసెయ్యాలి కదా.

సర్చూ గుడారంలో, ఊపిరాడక నిద్ర పట్టని రాత్రి, సీనియర్ పాత కథ ఎత్తుకున్నారు. ఉత్తరాన కలియానా, మధ్య భారతంలో కలియాన్‌పూర్. ఈ రెంటి మధ్య అక్షాంశాల తేడా నేల కొలిస్తే ఒకటి, నక్షత్రాలను చూసి లెక్కిస్తే ఇంకొకటి వచ్చింది. కోణంలో 5.236 సెకన్లు, అంటే నేలమీద సుమారు 160 మీటర్ల తేడా. నిలువు దిశ చూపే తూకపు గుండును హిమాలయాలు పక్కకు లాగి ఉంటాయని కలకత్తాలో మతాధికారిగా ఉన్న ప్రాట్ లెక్క వేశారు. ఆయనకు 15.885 సెకన్లు వచ్చింది. అంత పెద్ద కొండలు అంత తక్కువగా లాగడమేమిటి? 1855లో ఖగోళ శాస్త్రవేత్త ఏరీ జవాబు చెప్పారు: నీళ్లలో తేలే దుంగల్లో పైకి ఎక్కువ కనిపించేదే లోతుకూ ఎక్కువ దిగి ఉంటుంది, పర్వతమూ అంతే.

మేం తర్వాత చేరిన మోరె మైదానం సుమారు 4,700 మీటర్ల ఎత్తు. అంత మందం రాయి అదనంగా 520 మిల్లీగాళ్ల దాకా లాగాలి. ఆ రాతి లాగుడునూ, ఎత్తు ప్రభావాన్నీ సరిదిద్దితే లద్దాఖ్‌లో మిగిలేది ఇంచుమించు మైనస్ 500 మిల్లీగాళ్లు. పైనున్న కొండ కలిపినదాన్ని కిందనున్నదేదో తీసేస్తోందన్నమాట. భూమి పైపొర అక్కడ మందంగా దిగి, దాని కింది బరువైన పొర, మాంటిల్, ఉండాల్సిన చోటును తేలికైన రాయితో నింపింది. తెరమీద ఆ మైనస్ గుర్తు చూసి నాకు ఒళ్లు జలదరించింది. కంటికి కనబడే హిమాలయం అసలు కొండలో చిన్న భాగమే!

అయితే లోతును గురుత్వం ఒక్కటే తేల్చలేదు. భూకంప తరంగాల సాక్ష్యమూ కలవాలి. రెండూ కలిపి చూస్తే అక్కడ పైపొర మందం 70 కిలోమీటర్ల పైచిలుకు. మన దక్కన్ కింద అది 35 నుంచి 40.

1871లో బసేవి అనే సైనికాధికారి ఇదే మోరెలో లోలకం ఊపి గురుత్వం కొలిచారు. ఆ జులైలోనే లద్దాఖ్ ఎత్తుల్లో, పనిమీద ఉండగానే కన్నుమూశారు. ఆ దారిన వెళ్లేవాళ్లు మోరెలో కాసేపు బండి ఆపి ఆయన్ని తలచుకోండి.