కొళాయి కింద పెట్టి వదిలేసిన బిందె

మా తండాలో చదువు రాని ముసలోళ్లకి కూడా ఒక ఇంగ్లీషు మాట బాగా తెలుసు. సర్వర్. రేషన్ దగ్గర వేలిముద్ర పడకపోతే సర్వర్ బిజీ. డబ్బులు తీసుకోబోతే సర్వర్ డౌన్. మా గోర్‌బోలికి సొంత లిపి లేదు గానీ ఈ మాట మాత్రం దాంట్లో కలిసిపోయింది. దేశంలో ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మా అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. 2023 జనవరిలో ఆ పనుల్లో హాజరు కూడా యాప్‌లోకే మారింది, రోజుకు రెండు ఫొటోలతో. కాబట్టి సర్వర్ సంగతి పట్నపోళ్ల సంగతి కాదు. మా కూలి సంగతి.

మేము ముగ్గురం కదిరి వైపు ఒకే తండా పిల్లలం. ఇప్పుడు కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, మేము మాత్రం ఇంకా అనంతపురం అనే అంటాం. మా పెద్దోళ్లు కరువుకి బెంగళూరు పోయి ఇటుకలు మోశారు. మేము చదువుకుని అదే బెంగళూరులో రాత్రిపూట సర్వర్లు చూసే పనిలో చేరాం. "సర్వర్ అంటే ఎవడు నాయనా, ఎప్పుడూ పని చెయ్యడు?" అని మా యాడి అడిగితే, "వాణ్ణి పని చేయించేదే మా ఉద్యోగం" అని చెప్పుకున్నాం.

ఆ ఏడాది మా చేతిలో ఉన్నది విద్యార్థుల దరఖాస్తులు తీసుకునే సైటు. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. ఆఖరి తేదీ ఇంకా రెండు రోజులుందనగా సైటు నత్తనడక పట్టింది. ఫారం నింపి బటన్ నొక్కితే చక్రం తిరుగుతానే ఉంటుంది. మా పై ఉద్యోగి వెంటనే సర్వర్ ఆపి మళ్లీ ఎక్కించమన్నాడు. ఎక్కించాం. పది నిమిషాలు బాగా నడిచి మళ్లీ అదే తంతు. మెమొరీ పెంచమన్నాడు. పెంచాం. ఏమీ మారలేదు.

విచిత్రం ఏమిటంటే సర్వర్‌కి అలసటే లేదు. సీపీయూ పది శాతం కూడా వాడడం లేదు. డేటాబేస్ ఖాళీగా కూర్చుంది. పనిచేసేవాళ్లంతా ఖాళీ, పని మాత్రం జరగదు. అట్లాంటప్పుడు చూడాల్సింది ఎవరు పనిచేస్తున్నారని కాదు, ఎవరు దేనికోసం కాచుకున్నారని.

దానికి థ్రెడ్ డంప్ అనే పద్ధతి ఉంది. సర్వర్‌లో ఒక్కో దరఖాస్తునీ ఒక్కో థ్రెడ్ మోస్తుంది. జావా సర్వర్ అయితే జెస్టాక్ అనే ఆదేశం ఇస్తే ఆ క్షణాన ప్రతి థ్రెడ్ ఎక్కడ నిలబడిందో రాసి ఇస్తుంది. ఒక్కటి తీస్తే చాలదు, అది ఫొటో మాత్రమే. పది సెకన్ల తేడాతో మూడు తీయాలి. మూడింట్లోనూ ఒకే చోట నిలబడినవాడే ఇరుక్కున్నవాడు. మా టామ్‌క్యాట్ సర్వర్‌లో మామూలుగా ఉండే 200 థ్రెడ్లే ఉన్నాయి. వాటిలో 190 డేటాబేస్ కనెక్షన్ కోసం వరసలో ఉన్నాయి. కనెక్షన్లు మొత్తం పది. ఆ పదీ పట్టుకున్న పది థ్రెడ్లు డేటాబేస్‌తో మాట్లాడనే లేదు. దరఖాస్తుదారుడికి ఎస్సెమ్మెస్ పంపమని బయటి ఇంకో కంపెనీ సర్వర్‌ని అడిగి, జవాబు కోసం నిలబడి ఉన్నాయి.

ఆ కాగితం చూడగానే ముగ్గురికీ తండా కొళాయి గుర్తొచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల మాది. శెనక్కాయ పంటే సరిగ్గా చేతికి రాదు, ఇంక తాగునీళ్లు ఎక్కడివి? బోరుకి కరెంటు రెండు గంటలుంటే, నిమిషానికో బిందె నిండితే, 120 బిందెలు. ఎవరో బిందె కింద పెట్టి, ఏడ్చే బిడ్డను చూసొస్తానని ఇంటికి పోతుంది. బిందె నిండి పొర్లుతుంటుంది, ఇంకొకరి బిందె తీయడానికి వెనకున్నవాళ్లకి మొహమాటం. ఇట్లా ఒక్కో బిందెకి అర నిమిషం పోయిందంటే 80 బిందెలే. నీళ్లు తగ్గలేదు, కరెంటు తగ్గలేదు. అయినా 40 బిందెలు ఖాళీగా ఇంటికి పోతాయి.

వరసల గురించి ఈ లెక్కనే జాన్ లిటిల్ అనే అమెరికా ఆయన 1961లో గణితంగా నిరూపించాడు. పది కనెక్షన్లున్నాయి. ఒక్కో దరఖాస్తు ఒకదాన్ని 0.05 సెకను పట్టుకుంటే సెకనుకి 200 దరఖాస్తులు పోతాయి. ఎస్సెమ్మెస్ జవాబు కోసం 5 సెకన్లు పట్టుకుంటే సెకనుకి రెండే.

ఇది మాకు మొదటి రాత్రే తెలిసింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, చేరిన మొదటి వారంలోనే మా పేర్ల చివరి నాయక్ చూసి, "కోటాలో వచ్చారా?" అని నవ్వుతూ అడిగారు. ప్రైవేటు కంపెనీలో కోటా ఎక్కడిదని అప్పుడే అడగాల్సింది, అడగలేదు. ఆ రోజు నుంచి మీటింగుల్లో నోరు మెదపడం మానేశాం. మా కాగితం తప్పయితే ఏమవుతుందో అన్న భయం. పై ఉద్యోగి కనెక్షన్లు పది నుంచి వంద చేద్దామన్నాడు. మా ఊళ్లో బోరు ఎండితే ఇంకో బోరు వేసినట్టే. అప్పుకి అప్పు, నీళ్లు ఇంకా లోతుకి. వంద బిందెలు పెట్టి వంద మంది పోతే కొళాయి దగ్గర ఏం జరుగుతుంది? అది కూడా అనలేదు.

మరుసటి మధ్యాహ్నం తండా నుంచి ఫోన్. మా పెదనాన్న కూతురు రెండు రోజులుగా కదిరి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఉంది. పెదనాన్నకి రెండు రోజుల కూలి పోయింది. "అన్నా, చక్రం తిరుగుతానే ఉంది, మీరు ఆడే కదా ఉండేది, ఒక మాట చెప్పకూడదా?" అంది. అది మా సైటే.

ఆ రాత్రి మూడు డంపులూ అచ్చు తీసి బల్ల మీద పెట్టాం. మాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాం, మాట తడబడిన చోట వేలు పెట్టి చూపించాం. ఆయన చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు, డెవలపర్‌ని నిద్ర లేపాడు. దరఖాస్తు భద్రమయ్యాక, కనెక్షన్ వదిలేశాక ఎస్సెమ్మెస్ పంపేట్టు కోడ్ మార్చారు. రెండు సెకన్లలో జవాబు రాకపోతే వదిలెయ్యమని గడువు పెట్టారు. అసలు ఆ గడువు మొదటి నుంచీ లేకపోవడమే తప్పు. పది కనెక్షన్లు పదిగానే ఉన్నాయి. తెల్లారేసరికి వరస ఖాళీ. మెచ్చుకోలు మెయిల్ వచ్చింది, అందులో మా పేర్లు లేవు.

ఆఖరి తేదీ ఒక రోజు పొడిగించారు. చెల్లెలి దరఖాస్తు పోయింది. అదే సెంటర్లో మొదటి రోజు దాని పక్కన కూర్చున్న పిల్లోడొకడున్నాడు, పక్క తండావాడు. రెండో రోజు వాళ్ల ఇంట్లోవాళ్లు కూలి పనికి వలస పోతుంటే వాళ్లతో లారీ ఎక్కాడు. తేదీ పొడిగించిన సంగతి వాడికి చెప్పడానికి ఫోన్ చేశాం. ఫోన్ వాళ్ల నాయన దగ్గర ఉంది, చేనులో సిగ్నల్ లేదు. నాలుగో రోజు కలిసింది.